నచ్చలేదు మావా!

పెద్దాయన కొత్త ఆల్బమ్ వచ్చిందంటే చాలు... ఇల్లు రెండుగా చీలిపోతుంది. 'అప్పటి పాట ఏదీ?' అని ఒకరు, 'ఇంకా అప్పటి పాటేనా?' అని ఇంకొకరు. ఇంతకీ ఆ గొడవ పాట గురించేనా?

2012 దసరా. కొడిమ్యాలలో మా అక్కావాళ్లిల్లు. జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అంటూ అలాయ్ బలాయ్ తీసుకోవడాలు అయిపోయాయి. భోజనాలూ అయ్యాయి. అందరం వాకిట్లో మంచాల మీద చేరాం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు.

''బాపూ, నీ ఇళయరాజా కొత్త పాటలచ్చినయి. ఇను'' అన్నాడు.

'ఎటో వెళ్లిపోయింది మనసు' పాటలవి. బావ లేచి కూర్చున్నాడు. మొదటి పాట అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఉండగానే మళ్లీ మంచం మీద వాలిపోయాడు.

''గిది రాజా పాటనా? ఎవలన్న చెప్తే తప్ప ఎర్కనే కాదు.''

''నువ్వు తొంభైలనే ఆగిపోయినవ్ బాపూ. ఆర్కెస్ట్రా ఎట్లుందో ఇను. అంతా బుడాపెస్ట్ నుంచి అచ్చినోళ్లు వాయించిన్రు.''

''ఏ పెస్టయితే ఏంది? పాట యాదికుండాలె గదా!''

పదేళ్ల మేనకోడలు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా 'లాయి లాయి' పాటనే మళ్లీ మళ్లీ పెట్టమంటోంది. నేను ఎటూ తేల్చుకోలేక కూర్చున్నా. అప్పుడొచ్చింది ఆ ఆల్బమ్‌లోని రాక్ పాట. ఎలక్ట్రిక్ గిటార్ గర్జించింది. అంతదాకా తండ్రితో వాదించిన మేనల్లుడే ముఖం చిట్లించాడు.

''ఇదైతే నాగ్గూడ ఎక్కలే. అయినా పాట పేర్లనే ఉంది గద మామా... నచ్చలేదు మావా అని!''

వాకిలంతా ఘొల్లుమంది.

అదే గొడవ ఆ రోజుల్లో తెలుగు, తమిళ నాట చాలా ఇళ్లలో జరిగింది. పాటంటే ప్రాణమిచ్చేవాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. 'రాజా మళ్లీ వచ్చాడు' అన్నవాళ్లు ఒకవైపు. 'ఆ రాజా ఇక రాడు' అన్నవాళ్లు మరోవైపు.

ఇద్దరి మధ్య ఇరుక్కున్న పాట

ఇంత రభస ఎందుకైందో తెలియాలంటే ముందు ఆ సినిమా ఎవరిదో గుర్తుచేసుకోవాలి. దర్శకుడు గౌతమ్ మేనన్. అంతకు రెండేళ్ల ముందే, 2010లో, 'ఏ మాయ చేసావె' తీశాడు. దానికి సంగీతం ఎ.ఆర్.రెహమాన్. ఆ పాటలు వింటూ కాలేజీ రోజులు గడిపిన కుర్రకారు, కొత్త సినిమాలోనూ అలాంటి పాటలే ఉంటాయనుకున్నారు.

మరోపక్క ఇళయరాజా అభిమానులు. 1976లో తమిళ 'అన్నకిళి'తో మొదలైన ప్రయాణం ఆయనది. తెలుగులో 'సీతాకోకచిలుక', 'సాగర సంగమం', 'సితార', 'స్వాతిముత్యం', 'గీతాంజలి', 'జగదేకవీరుడు అతిలోకసుందరి'... చెప్పుకుంటూ పోతే వేళ్లు చాలవు. 'సాగర సంగమం', 'రుద్రవీణ' చిత్రాలకు జాతీయ అవార్డులు. 2011లో బాపు తీసిన 'శ్రీరామరాజ్యం' పాటలు విని 'ఆహా, పాత రాజా!' అని మురిసిపోయినవాళ్లు, మరుసటి ఏడాదీ అదే విందు ఉంటుందని విస్తరి వేసుకుని కూర్చున్నారు.

తీరా వచ్చిన ఆల్బమ్ ఇద్దరికీ కాకుండా పోయింది. రెహమాన్ తరహా కోరుకున్నవాళ్లకు పాతగా, ఎనభైల తరహా కోరుకున్నవాళ్లకు కొత్తగా వినిపించింది. ఒకే పాట... ఒకరి చెవిలో ముసలిదైంది, ఇంకొకరి చెవిలో పరాయిదైంది!

ఆరోపణలన్నీ వట్టివేనా అంటే, కాదు. మా బావ చెప్పిన మాటలే తీసుకోండి. ''పాట ఎక్కడ మొదలైతందో, ఎటు మలుపు తిరుగుతందో దొరుకుతలేదు'' అన్నాడు. నిజమే, ఒకసారి వినగానే నోటికి పట్టుబడే పాటలు కావవి. ''మాటలు ట్యూన్ల ఇమడలే'' అన్నాడు. తెలుగు, తమిళ చిత్రాలు రెండూ ఒకేసారి తయారయ్యాయి. ఒకే బాణీకి రెండు భాషల మాటలు కూర్చాలి. ఆ బిగువు కొన్నిచోట్ల చెవికి తెలుస్తుంది. అలాగని అభిమానులు చెప్పిందీ తప్పు కాదు. వయొలిన్లు అన్నీ కలిసి లేచే చోట, డప్పుల మోత లేకుండా గిటార్ ఒక్కటే గొంతుకు తోడు నడిచే చోట... ఆ నిండుతనం అప్పటి సినిమా పాటల్లో అరుదు.

2012 డిసెంబరు 14న సినిమా విడుదలైంది. ఆ ఏడాదికి ఉత్తమ సంగీత దర్శకుడిగా ఇళయరాజాకు నంది అవార్డునూ తెచ్చిపెట్టింది. ఆ సంగతి చెబితే బావ ఒక్కటే అన్నాడు. ''అవార్డు అచ్చిందని చెవి ఒప్పుకుంటదా?''

అల్లుడి గుట్టు

ఇంతకీ తండ్రిని 'తొంభైలనే ఆగిపోయినవ్' అని వెక్కిరించిన మా మేనల్లుడు తక్కువవాడేం కాదు. వాడి చెవి ఇంకా వెనక, 1986లోనే ఆగిపోయింది. అప్పటికి వాడు పుట్టనేలేదు!

హాస్టల్లో సీనియర్లు అంటించిన జబ్బు... హెవీ మెటల్. ముఖ్యంగా అమెరికన్ బ్యాండ్ మెటాలికా. ఆ బృందం 2011 అక్టోబరు 30న బెంగళూరులో కచేరీ చేస్తే, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వెళ్లొచ్చాడు. ఆ దసరా రాత్రి నా దగ్గర గుట్టు విప్పి, హెడ్‌ఫోన్స్ నా చెవికి తగిలించాడు. చప్పుడు బయటికి పొక్కి, పక్క మంచం మీదున్న బావ తల తిప్పాడు.

''ఏందిరా అది? సిరిసిల్ల సాంచాల మోత లెక్క ఉన్నది!''

బావ ఎగతాళికి అన్నాడు గానీ, ఆ మాట సత్యానికి చాలా దగ్గర. హెవీ మెటల్ పుట్టిందే కార్ఖానాల ఊళ్లో. ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో యంత్రం కింద పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ గిటార్ పట్టాడు. నొప్పి తగలకుండా తీగలు వదులు చేసుకున్నాడు. శ్రుతి కిందికి దిగి, నాదం బరువెక్కింది. అతని బృందం బ్లాక్ సబాత్ 1970లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ మొదలైందని చాలామంది లెక్క. మరమగ్గాల మోతకూ ఆ సంగీతానికీ చుట్టరికం ఉందన్నమాట!

''మరి నీ మెటాలికా పాటలన్నీ నీకు నచ్చుతయా?'' అనడిగాను వాణ్ని.

వాడి ముఖం మారిపోయింది. ''2003ల 'సెయింట్ ఆంగర్' అని ఒక ఆల్బమ్ తీసిన్రు మామా. దాని పేరెత్తకు.''

తండ్రి ముఖంలో చూసిన విరక్తే కొడుకు ముఖంలోనూ!

డబ్బా డ్రమ్ము కథ

'సెయింట్ ఆంగర్' మీద ప్రపంచమంతా జరిగిన రచ్చ ముందు మా వాకిట్లో గొడవ ఏపాటి? మెటాలికా 1981లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 1991లో జనం 'బ్లాక్ ఆల్బమ్' అని పిలుచుకున్న సంచిక ఆ బృందాన్ని శిఖరం మీద కూర్చోబెట్టాయి. ఆ తర్వాత ఇల్లు కుదుపుకు లోనైంది. 2001 జనవరిలో బేస్ గిటారిస్టు జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. అదే ఏడాది గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మద్యం మానడానికి చికిత్సకు చేరాడు. పని నెలల తరబడి ఆగిపోయింది. మిగిలినవాళ్ల మధ్య మాటలు కుదరక మానసిక నిపుణుణ్ని పిలిపించుకుని మరీ కూర్చున్నారు. బేస్ వాయించేవాడు లేక, నిర్మాత బాబ్ రాకే ఆ వాద్యం అందుకున్నాడు. ఈ తతంగమంతా 2004లో డాక్యుమెంటరీగానూ వచ్చింది.

అలాంటి రోజుల్లో పుట్టిన ఆల్బమ్ ఎలా ఉంటుంది? గాయంలాగే ఉంది. మెటాలికా అంటే మెరుపు వేగంతో సాగే గిటార్ విన్యాసాలు. ఈ ఆల్బమ్‌లో అవి లేవు. పైగా డ్రమ్ము! స్నేర్ అనే చిన్న డ్రమ్ము అడుగున సన్నని తీగలు బిగించి ఉంటాయి. అవి ఆనుకుని ఉంటే దెబ్బ 'ఛట్'మని తెగుతుంది. డ్రమ్మర్ లార్స్ అల్‌రిచ్ వాటిని వదిలేసి కొట్టాడు. ఫలితం... ఖాళీ నూనె డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు 'టంగ్ టంగ్'. డెబ్బై అయిదు నిమిషాల పాటు అదే!

అమ్మకాల్లో అమెరికాలో మొదటి స్థానం. 2004లో టైటిల్ పాటకు గ్రామీ అవార్డు. అయినా అభిమానులు క్షమించలేదు. 2015లో కొందరు సంగీతకారులైతే మొత్తం ఆల్బమ్‌ను తామే తిరిగి వాయించి, డ్రమ్ము శబ్దం మార్చి, ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఆలోచించండి... నచ్చని వంటను వదిలేసి లేచిపోతాం గానీ, వంటింట్లోకి దూరి మళ్లీ వండుతామా? సొంత మనిషి చేసిన వంటైతేనే అలా చేస్తాం!

పోనీ, అడిగింది ఇచ్చేస్తే గొడవ తీరుతుందా? మెటాలికా ఆ పనీ చేసింది. 2008లో 'డెత్ మాగ్నెటిక్' తెచ్చింది. గిటార్ విన్యాసాలు తిరిగొచ్చాయి. పాతవాళ్లు సంబరపడ్డారు. నాలుగు రోజులకే కొత్త ఫిర్యాదు... శబ్దం మరీ పెంచేశారు, చెవులు చిల్లులు పడుతున్నాయి అని. అదే పాటలు ఒక వీడియో గేమ్‌లో ఇంతకన్నా శుభ్రంగా వినిపిస్తున్నాయని కనిపెట్టి, 'ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయండి' అంటూ వేలమంది సంతకాలు పెట్టారు.

మారితే 'మారిపోయారు' అంటారు. మారకపోతే 'అక్కడే ఉన్నారు' అంటారు. మధ్యేమార్గంగా వెనక్కి వస్తే, వచ్చిన దారి బాగాలేదంటారు. చెన్నైలోనైనా, కాలిఫోర్నియాలోనైనా పేరున్నవాడికి ఈ తిప్పలు తప్పవు.

ఆ క్యాసెట్టులో ఏముంది?

అసలు కిటుకు ఎక్కడుందో నాకు ఆ రాత్రే తట్టింది. ఎందుకంటే, బావ దగ్గరున్న 'ఇళయరాజా'ను తయారు చేసింది నేనే!

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల చాలా ఇళ్లలాగే అక్కావాళ్లింట్లోనూ గల్ఫ్ కథ ఉంది. బావ 1990లో మస్కట్ వెళ్లాడు. అప్పట్లో పాటలు కావాలంటే రికార్డింగ్ షాపుకెళ్లి ఖాళీ క్యాసెట్టు, చీటీ ఇచ్చేవాళ్లం. ఆ చీటీలో పాటల పేర్లు వరసగా రాయాలి. రెండ్రోజులాగి వెళితే క్యాసెట్టు చేతికొచ్చేది. బావకు పంపడానికి అక్క చెబుతుంటే చీటీ రాసింది నేను. బడి పిల్లాణ్ని, జగిత్యాల బస్సెక్కి రికార్డు చేయించుకొచ్చిందీ నేనే. 'గీతాంజలి' నుంచి కొన్ని, 'జగదేకవీరుడు' నుంచి కొన్ని, 'సితార' నుంచి ఒకటి. గంట క్యాసెట్టులో పట్టినన్ని.

ఇప్పుడు లెక్క చూడండి. ఇళయరాజా వెయ్యికి పైగా సినిమాలకు సంగీతం ఇచ్చారు. ఎనభైల్లో ఏడాదికి పదుల సినిమాలు. అందులో ప్రతి పాటా ఆణిముత్యమా? క్యాసెట్లలో నచ్చని పాట రాగానే బటన్ నొక్కి ముందుకు తిప్పేసినవాళ్లం మనమే కదా! కాలం జల్లెడ పట్టింది. మిగిలిన గింజల్లోంచి మళ్లీ మేం చీటీ రాసి ఏరుకున్నాం. బావ 2012లో వచ్చిన ఎనిమిది పాటల ఆల్బమ్‌ను పోల్చింది మరో ఆల్బమ్‌తో కాదు... ఆ గంట క్యాసెట్టుతో! పదేళ్ల పంటలోంచి ఏరిన గింజల పక్కన ఒక్క పూట కోతను పెడితే ఏం నిలుస్తుంది?

మేనల్లుడిదీ అదే కథ. సీనియర్లు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన ఓ పద్నాలుగు పాటలే వాడి మెటాలికా. అదే వాడి చీటీ.

ఇంకో సంగతీ ఉంది. పాట ఒక్కడే రాయడు, ఒక్కడే పాడడు. 'గీతాంజలి' అనగానే మనకు గుర్తొచ్చేది ఇళయరాజా ఒక్కరేనా? వేటూరి మాట, బాలు గొంతు కూడా. 2012 నాటికి వేటూరి లేరు. 2010లోనే వెళ్లిపోయారు. కొత్త పాటల్లో బాలు గొంతూ లేదు. కార్తీక్, షాన్ వంటి కొత్త గొంతులు. మాటలు అనంత శ్రీరామ్‌వి. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాడు వేరుపడిన ఇంటికొచ్చి 'ఇల్లు బోసిపోయింది' అంటే, ఆ తప్పు కట్టినవాడిదా?

ఇక ఆఖరి సంగతి. ఇది నేనూ మరిచిపోయాను. అక్క గుర్తుచేసింది.

ఆ క్యాసెట్టు రెండోవైపు చివర్లో కొంచెం ఖాళీ మిగిలింది. 1991లో మేనల్లుడు పుట్టాడు. బావ మస్కట్‌లోనే ఉన్నాడు. ఇంట్లో ఫోన్ లేదు. ఊరెళ్లి తిరిగొస్తున్నవాళ్ల చేతికి క్యాసెట్టు ఇచ్చే ముందు, పక్కింటి టేప్‌రికార్డర్‌లో ఎర్ర బటన్ నొక్కి, అక్క రెండు ముక్కలు మాట్లాడింది. ''మంచిగున్నం. పిలగాడు నీ లెక్కనే ఉన్నడు.'' వెనక పసివాడి ఏడుపు. అంతే.

పాటల వెనకే ఆ గొంతు. మూడేళ్లు, క్యాంపు గదిలో, ఎన్నిసార్లు తిప్పి విన్నాడో బావకే తెలియదు. టేపు సాగి, అక్క గొంతు మగ గొంతులా మారేదాకా విన్నాడట!

ఆ క్యాసెట్టుతో ఏ బుడాపెస్ట్ ఆర్కెస్ట్రా పోటీ పడుతుంది చెప్పండి?

నచ్చనక్కర్లేదు... వింటే చాలు

'అయితే పాతవాళ్ల తీర్పులన్నీ జ్ఞాపకాల మాయేనా? కొత్త పాటలో లోపాలే ఉండవా?' అని మీరడగొచ్చు. ఉంటాయి. డబ్బా డ్రమ్ము డబ్బా డ్రమ్మే. బిగుసుకున్న మాట బిగుసుకున్నట్టే ఉంటుంది. పెద్దపేరు చూసి తప్పును ఒప్పనాల్సిన పనిలేదు. నచ్చలేదనే హక్కు వినేవాడికి ఎప్పుడూ ఉంది.

కాకపోతే ఒక్క ప్రశ్న మనల్ని మనం అడుక్కోవాలి. 'ఈ పాటలో ఏదో లేదు' అంటున్నామా, 'ఈ పాట వింటున్న నాలో ఏదో లేదు' అంటున్నామా? మొదటిది సంగీతకారుడు సరిదిద్దుకోగల ఫిర్యాదు. రెండోది ఎవరూ తీర్చలేని ఫిర్యాదు. అరవై తొమ్మిదేళ్ల పెద్దమనిషి ఎంత గొప్ప బాణీ కట్టినా మన ఇరవై ఏళ్ల వయసును తిరిగి కట్టివ్వలేడు. అది ఇవ్వలేదని ఆయన మీద అలిగితే ఎలా?

ఈ అలక కూడా కొత్తదేం కాదు. బావావాళ్ల నాన్న ఘంటసాల భక్తుడు. కొడుకు టేప్‌రికార్డర్ తెచ్చి ఇళయరాజా పాట పెడితే, ''ఇదేం లొల్లిరా, పాట ఎప్పుడు మొదలైతది?'' అని విసుక్కునేవాడు. ఇరవై ఏళ్ల తర్వాత బావ సరిగ్గా అదే మాట అన్నాడు. మాట మారలేదు, మంచం మీది మనిషి మారాడు!

మరి పాడేవాళ్లు ఏం చేయాలి? ఇళయరాజా సమాధానం మాటల్లో చెప్పలేదు. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ 'వేలియంట్'ను వినిపించారు. ఎనభై ఒక్కేళ్ల వయసులో! మెటాలికా 2023లో '72 సీజన్స్' తెచ్చింది. దాని మీదా రెండు జట్లు. వాళ్ల పని వాళ్లు చేసుకుపోతున్నారు. మన పని మనం... పోట్లాడుకుంటున్నాం.

2025 దసరాకు మళ్లీ కొడిమ్యాలలో కలిశాం. మేనల్లుడు ఇప్పుడు ముప్పై దాటిన సంసారి. 'సెయింట్ ఆంగర్' సంగతి ఎత్తాను. ''డబ్బా డ్రమ్ము ఇంక డబ్బానే మామా. గని ఆ కోపం ఎక్కడికెళ్లి అచ్చిందో ఇప్పుడు సమజైతంది'' అన్నాడు.

వంటింట్లో మేనకోడలి ఫోన్ మోగుతోంది. పదేళ్లప్పుడు మళ్లీ మళ్లీ పెట్టించుకున్న 'లాయి లాయి'. ఇరవై మూడేళ్ల ఆ పిల్లకు అదే చిన్ననాటి పాట. అదే అసలు ఇళయరాజా. ''ఇసోంటి పాటలు ఇప్పుడు ఎక్కడొస్తున్నయి మామా?'' అంది నాతో. నవ్వాపుకోవడం కష్టమైంది.

బావ మంచం మీంచి తల ఎత్తాడు.

''ఏ సినిమాదే అది? ఇంకోపారి పెట్టు.''

పెట్టింది. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. అందరం బావ ముఖంకేసే చూస్తున్నాం.

''మంచిగనే ఉన్నది'' అన్నాడు. కాసేపాగి, ''అయినా... గీతాంజలి గాదు.''

లోపలి నుంచి అక్క నవ్వు వినిపించింది.